ఇత్తడి చీలయు దంతపు శంఖమును

వానలు వెనుదీసి పక్షమైనను గాలేదు. కడిగి యారవేసిన వస్త్రమువలె నిర్మలమైన యాకాశమునందుఁ దెలిమొయిళ్లు పనిపాటలులేని దొరలవలె మెల్లమెల్లగాఁ దిరుగుచుండెను. వేగులపాటి కోటకుఁ బడమట గెడ్డయొడ్డున ఱెల్లుపూవులు తెల్లఁగా విరగఁబూచి గాలి కొకవైపునకు వ్రాలుచుండెను. కోటలోపల దసరాపందిళ్ల నింకను విప్పలేదు. వాడిన బంతిపూదండలు ద్వారబంధములకు వ్రేలాడుచునే యుండెను. అట్టి యాశ్వయుజ శుద్ధ చతుర్దశి నాఁటి యపరాహ్ణవేళ గోరువెచ్చని యెండ రంగుటద్దముల కిటికీలగుండఁ జొచ్చి బిలియర్డు మందిరమునందలి పచ్చని బనాతు పఱచిన బల్లమీఁదఁ బడుచుండఁగా నా బల్లచెంతఁ జేతులు కట్టుకొని తలవంచుకొని నిలువఁబడినవాఁ డొకఁడు లోలోపలఁ బండ్లు పటపటఁ గొఱుకుచుండెను.

వాఁడు లక్కోజు నూకాచారి. సంస్థానపుఁ దరిమెనపనివాఁడు. కొయ్యను దరిమెన కెక్కించి గిరగిరఁ ద్రిప్పుచు నులి యానించి నున్నఁగా గుండ్రఁగాఁ దీర్చుట వానికిఁ దాతముత్తాతల నాఁటి విద్య. వయస్సేఁబది దాఁటినది. మంచి పనివాఁడు, అంతకంటె మంచి కోపిష్ఠి. కోపము వాని ముక్కుమీఁదనే కాఁపురముండును. తన పనిముట్టును దాఁకినవానిఁ దిట్టును, తన పనిని మెచ్చనివానిఁ దిట్టును, తెలియక మెచ్చినవానిని మఱి రెండాకులెక్కువ తిట్టును. అయినను నేఁడు వానికి వచ్చినది యట్టి దినవెచ్చపుఁ గోపము కాదు. అరికాలిమంట నెత్తికెక్కుట యని లోకు లందురే, అదియే యిది. ఏలయన వాఁడు చేసిన కఱ్ఱను నలుగురిలో మూఁగకఱ్ఱ యనిరి. అంతటితో నూరకుండక దానిమీఁది వాని గుర్తును వానిచేతనే గీకివేయింపఁ జూచుచుండిరి.

ఆ కఱ్ఱ సంగతి కొంచెము చెప్పవలయును. వేగులపాటి ప్రభువు విజయగోపాలరాజుగారికి వేఁటయు వలదు, పాటకచ్చేరియు వలదు. బిలియర్డు ఆట దొరికినఁ జాలును, అన్నము మాటయు మఱచును. ఆయన ముచ్చటపడి యడుగఁగా రెండేండ్లక్రిందట నూకాచారి రెండు ఖండములుగా విడఁదీసి పెట్టెలోఁ బెట్టుకొనఁదగిన కఱ్ఱ నొకదానిఁ జేసి యిచ్చెను. క్రిందిఖండము నల్లని తుమికిచేవ. పైఖండము శీమనుండి తెప్పించిన తెల్లకొయ్య. రెంటిని గలుపుచోట వ్రేలెడు పొడవున నిత్తడిచీల యొకటి రెండుకొనలను మర గలిగి, సగము క్రిందిఖండమున దిగి సగము పైకి నిలిచియుండును. దానిపైఁ బైఖండపు నోటిని బెట్టి త్రిప్పినచో రెండు ముఖములును వెండ్రుక దూఱ సందులేక యొక్కటియైపోవును. పిడికిలి పట్టుచోటఁ జిటికెనవ్రేలి గోరంత దంతపు శంఖమును నూకాచారి పొదిగియుంచెను. అదియే వాని సంతకము. వానికి వ్రాయరాక కాదు. అక్షరముల నెవఁడైనఁ జెక్కుననియు నట్టి శంఖమును బొదుగువాఁడు నాలుగు తాలూకాలలో లేఁడనియు వాని గర్వము.

ఆటలోఁ గఱ్ఱ బంతిని దాఁకిన తాఁకుడు కొనయందుఁ బుట్టి కఱ్ఱ పొడవునఁ బ్రాఁకి కీలును దాఁటి పిడికిటికి వచ్చును. బంతి నిండుగాఁ దగిలెనో యంచునఁ దగిలెనో కన్నులకంటె ముందు చేతికిఁ దెలియుట దానివలననే. బల్లకడ నాటలెక్క చూచు మార్కర్లు దీనినే కఱ్ఱ పలుకుట యందురు. మొట్టమొదటి దెబ్బకే ప్రభువు కనుబొమ లెగరవైచి "ఆచారీ! ఇది కఱ్ఱవలె లేదోయి, బంతిని నావ్రేలితోనే తోసినట్లున్నది" అని యానందించెను. ఆ మాటను నూకాచారి రెండేండ్లుగా వక్కపలుకువలె బుగ్గనఁ బెట్టుకొని చప్పరించుచుండెను.

అట్టి కఱ్ఱ దసరా వెళ్లినది మొదలు పలుకుట మానినది. ఎట్లు కొట్టినను డప్పు తడిసినట్లు 'దబ్బు'మను చచ్చినచప్పుడు తప్ప వేఱులేదు. చేతికేమియుఁ దెలియక ప్రభువు తన బావమఱఁదితో వరుసగా మూఁడాట లోడెను. పొరుగు సంస్థానాధిపతితో నేఁటేఁట జరుగు వెండిగిన్నె పందెమునకుఁ బదిదినములే గడువున్నది.

ఆ బావమఱఁది పేరు తిరుపతిరాజు. పాతికేండ్ల పడుచువాఁడు. చెన్నపట్టణమునఁ జదివి వచ్చుచు నొక మోటారుబండిని, ఉక్కుచీల గల యొక బిలియర్డుకఱ్ఱను, సకలవిషయములందును దీర్పు చెప్పెడి యొక నోటిని వెంటఁ దెచ్చుకొనెను. మోటారుబండి యప్పుడప్పుడైన నాఁగును. నోరు మాత్ర మాఁగదు.

"ఇత్తడి మెత్తనిదయ్యా యాచారీ! చెంబులకు గంటెలకుఁ బనికివచ్చును గాని యీ యాట కెక్కడిది? రెండేండ్లకే మర యరిగిపోయినది. ఉక్కుచీల వేసి యా శంఖమును గీకివేసి తెమ్ము. ప్రభువువా రోడిన కఱ్ఱమీఁద నీ గుర్తేల?" అని యాతఁడు నలుగురిలో ననెను.

ఒళ్లు భగ్గుమన్నది నూకాచారికి. వీఁడా నాకు మరల సంగతి చెప్పువాఁడు! ఉలిపిడి యెటు పట్టవలయునో యెఱుఁగనివాఁడు! వీఁడు పుట్టినప్పటికే తరిమెనమీఁద నాచేతులు కాయలు గాచినవే! అని నాలుకచివరిదాఁక వచ్చిన మాట నతికష్టముమీఁద మ్రింగి ప్రభువువంకఁ జూచెను. ప్రభువు సుద్దముక్కను వ్రేళ్ల నడుమ నలుపుచు "తిరుపతి చెప్పినట్లు చేయరాదటోయి" అనెను. రెండేండ్లు బుగ్గనున్న వక్కపలుకు నాఁడు చేఁదైపోయినది.

"మహాప్రభో! గీకుమన్న గీకెదను. కాని నా గుర్తును నేను జెరుపుకొనుటకు ముందు నా తప్పేదో నాకుఁ దెలియవలయునా వలదా? మూఁడుదినములు గడు విప్పింపుఁడు. కొమ్ముతో నొకటి, ఉక్కుతో నొకటి, ఇత్తడితో నొకటి, ఒక్కకొలతకు మూఁడుచీలలు తెచ్చెదను. ఏలినవారు కన్నులకు గంత గట్టుకొని కొట్టి చూడుఁడు. ఇత్తడిని వలదంటిరా, ఇక్కడనే యీ చేతితోనే శంఖమును బెకలించెదను" అని నూకాచారి పలికెను.

ప్రభువు తల యూఁచి "మంచిది. తప్పు కఱ్ఱదైనచో నీ గుర్తు పోవును. వేఱొకనిదైనచో వాఁడు కోటలో నుండఁడు" అని తీర్పు చెప్పెను. గోడవారఁ గఱ్ఱల బీరువాకడ నున్న ముసలి మార్కరు అప్పలస్వామి మొగము సుద్దకంటెఁ దెల్లనయ్యెను. నూకాచారి దానిని జూచెను గాని కోపపుఁ బరవశమున దాని భావము నాలోచింపఁడయ్యెను. కఱ్ఱపెట్టెను జంకఁ బెట్టుకొని గిఱ్ఱునఁ దిరిగి వెడలిపోయెను.

ఇంటికిఁ జేరి కాళ్లైనఁ గడుగుకొనక తరిమెనకడఁ గూరుచుండి కఱ్ఱను విప్పెను. ఇత్తడిచీలను వెలుతురున కెత్తి మర యొక్కొక్క చుట్టును గోటితోఁ దడవి చూచెను. అరుగుట యన్నమాట లేదు. "అరిగినదఁట! వాని బుద్ధి యరిగినది!" అని గొణఁగుచుఁ బైఖండపు నోటిని గంటికడకుఁ దెచ్చుకొనెను. కన్నుకంటె ముందు ముక్కు చెప్పెను. మంచిగంధపు వాసన. వెదురుపుల్లతోఁ గెలుకఁగా నోటియడుగున నెండి గట్టిపడిన గంధము బెల్లులు బెల్లులుగా రాలెను; దానినంటి యెఱ్ఱగాఁ గుంకుమ. ఆ యెండిన ముద్ద యడ్డుపడుటచేఁ జీల యడుగుదాఁక దిగక రెండు ముఖముల నడుమఁ గాగితపుమందము సందు నిలిచినది. తాఁకుడు దాఁటుటకు దారియేది? నోటఁ గుడ్డలు గుక్కి పలుకలేదని తిట్టిన ట్లున్నది.

గంధపుబెల్లులను దాటాకున మూటగట్టి నూకాచారి యా నిమిషముననే మార్కరుల వీథికిఁ బరుగువంటి నడకతోఁ బోయి యప్పలస్వామి వాకిట నిలిచి "ఎవఁడురా నా కఱ్ఱనోట గంధము గ్రుక్కిన చచ్చుపీనుఁగు?" అని కేక వైచెను. ముసలివాఁడు పరుగుపరుగున వచ్చి రెండుచేతులతో వాని నోరు మూసెను.

"అన్నా! నీకుఁ బుణ్యముండును, మెల్లగా మాటాడుము. పూసినవారు ప్రభువువారే. మహర్నవమినాఁ డాయుధపూజకడఁ బెట్టె తెఱచి రెండుఖండములకును దమ చేతులతోనే గంధము పెట్టిరి. కఱ్ఱకుఁ బ్రాణ మీ కీలుననే కలదుగదా యని చీలకును దాని నోటికిని నిండుగాఁ బూసి కుంకుమ యద్దిరి. గంధపుగిన్నె పట్టినది నేను. కన్నులారఁ జూచుచు 'వలదు ప్రభో' యని యనలేకపోతిని. అమ్మవారియెదుట నెట్లనఁగలను? ఇప్పుడు నోరు విప్పితినా, ముప్పదియేండ్ల కొలువు మంటఁగలియును" అని వాఁడు భోరుమనెను.

నూకాచారికిఁ గోపము రెండింతలయ్యెను. చేసినవాఁడు ప్రభువు! శిక్ష వేసినవాఁడును బ్రభువే! తన చేతిగంధము తనకు జ్ఞప్తి లేదా? అని యడుగఁబోయి హఠాత్తుగా నోరు మూసికొనెను. వానికి మఱియొక సంగతి జ్ఞప్తికి వచ్చినది.

ఈ కఱ్ఱను జేసినది మొదలు మహర్నవమికి ముందు నూకాచారియే కోటకుఁ బోయి కఱ్ఱ రెండుఖండములను గలిపి కీలుచుట్టును దేనెమైనము మెత్తి పిదప దేవియెదుటఁ బెట్టును. గంధము పైనఁ బడును, లోనికిఁ బోదు. ఇది వాఁడు తానై పెట్టుకొన్న నియమము. దీని నెవ్వరికిని జెప్పియుండలేదు. చెప్పినచో మార్కరులు తామే చేసికొందురనియుఁ దన యవసరము తగ్గుననియు వాని లోపలి శంక. ఈ యేఁడును మైనపుముద్దను దీసికొని పోయెను. పోయి చూచునప్పటికిఁ దరతరములుగాఁ బనివారి యులులు రంపములు బాడిసలు దీర్చి పెట్టు నడిమండపమున మోటారుబండి పూలదండలతో వెలుఁగుచుండెను. పనిముట్లను బసులసాలకడకు మార్చిరి. తిరుపతిరాజు మాట. నూకాచారికిఁ దల కొట్టివేసినట్లయ్యెను. తన యులిపెట్టె నెత్తికెత్తుకొని మైనపుముద్దను గెడ్డలోనికి విసరివైచి తాంబూలమైనఁ బుచ్చుకొనక యింటికిఁ దిరిగివచ్చెను. కఱ్ఱ మాటయే మఱచెను. నిజమునకు మఱచుటయు గాదు. గెడ్డ దాఁటునపుడు జ్ఞప్తికి వచ్చినది. "పోనీ, చావనీ" యని ముందునకే నడచెను.

ఆ మాట యిప్పుడు వానిచెవులలో గింగురుమనెను. అన్నా యని యప్పలస్వామి పిలుచుచుండఁగనే వెనుదిరిగెను. దారిపొడవునఁ దన్నుఁదాను దిట్టుకొనెను. పరులను దిట్టుటకు దాఁచుకొన్న మంచిమంచి తిట్లన్నియు నాఁడు వానికే పనికివచ్చినవి.

మూఁడుదినములు తరిమెనశాల తలుపు తెఱవలేదు. పైఖండపు నోటిని దుడిచి లక్కకుంపటి సెగకు దూరమునుండి యారఁబెట్టి ముఖము లొకదానితో నొకటి కలియువఱకు మెఱుఁగుపెట్టెను. దున్నకొమ్ముతో నొక చీల, ఉక్కుకడ్డీతో నొక చీల చేసెను. ఉక్కు విషయమున మోసము చేయుదమని యొక్కనిమిషము దుర్బుద్ధి పుట్టకపోలేదు. మర రవంత వదులుగాఁ ద్రవ్విన వానికేమి తెలియును? కాని చేయి యొప్పలేదు. తిట్టుకొనుచునే చక్కగాఁ జేసెను. ఇత్తడిది మాత్రము పాఁతదే యుంచెను.

నాలవనాఁటి యుదయమున మందిరము నిండెను. ప్రభువు కన్నులకుఁ బట్టు కండువా గట్టిరి. నూకాచారి వెనుకకుఁ దిరిగి చీల బిగించి కఱ్ఱ నందించును. అప్పలస్వామి బంతుల నమర్చును. ప్రభువు చేతితోఁ దడవికొని కొట్టును.

మొదటిది కొమ్ముచీల. ప్రభువు రెండుమాఱులు కొట్టి "బాగుగనే యున్నది గాని కంబళి కప్పుకొని మాటాడినట్లున్నది" అనెను.

రెండవది యుక్కు. 'టింగు'మని మందిరమంతయు మ్రోఁగెను. ప్రభువు చేయి విదిల్చికొని "అబ్బో! ఇది యున్నది లేనిది యన్నియుఁ జెప్పుచున్నదే! బంతి సంగతియేకాక బల్ల సంగతియు గచ్చు సంగతియుఁ జెప్పుచున్నది. చేతికిఁ జీమ గుట్టినట్లున్నది" అనెను. తిరుపతిరాజు "అదియే పస, బావగారూ!" యని యుబ్బిపోయెను.

మూఁడవది యిత్తడి. ప్రభువు కొట్టెను. మఱలఁ గొట్టెను. బంతి బల్లయంచునఁ దగిలి తిరిగివచ్చు చప్పుడు వినుచు బొటనవ్రేలిని మెల్లగా జరపి దంతపు శంఖముమీఁదఁ బెట్టి "ఇది నాది" అనెను.

సభ యంతయు బళి యనెను. నూకాచారి నవ్వలేదు. "మహాప్రభో! ఉక్కు చెడ్డది గాదు. అన్నియుఁ దెలియవలయునను చేతి కదియే తగును. తిరుపతిరాజావారి కఱ్ఱకుఁ దగినదే. కొమ్ము నిదానపుఁ జేతికి. ఇత్తడి యెంత చెప్పవలయునో యంతయే చెప్పును. కాని చీల యేదైననేమి, ముఖములు కలియనిచో మూఁడును మూఁగవే" అని విన్నవించెను.

ప్రభువు కండువా విప్పి కనులు నులుముకొనుచు "అట్లైన నాలుగుదినముల క్రిందట నీ యిత్తడియే యేల మూఁగవోయెను?" అని యడిగెను.

నూకాచారి తాటాకుమూటను విప్పి గంధపుబెల్లులను బచ్చని బనాతుమీఁదఁ బోసెను. మందిరమంతయు గంధపువాసన. తిరుపతిరాజు తోడనే "ఇంకేమున్నది! పెట్టె యెవని వశమునఁ గలదు? ఈ ముసలివాని నిర్లక్ష్యము. ఇప్పుడే వెళ్లఁగొట్టుఁడు" అని యప్పలస్వామిపై వ్రేలు చూపెను. అప్పలస్వామి చేతులు జోడించి ప్రభువువంకఁ జూచెను. ప్రభువు గంధపుబెల్లులఁ జూచెను. ఆయన మొగము మాఱినది. జ్ఞప్తికి వచ్చినదని యా మందిరమున నిద్దఱికిఁ దెలిసినది. పిమ్మట నాయన కనులు బనాతుపై వ్రాలి యందే యుండెను.

ఔరా! ఒక్కమాట. 'పూసినది నేనే' యన్న రెండుపదములు. అవి పలుకుటకుఁ గోటలు కూలవు కిరీటములు పడిపోవు. అయినను నోరు రాదు! నూకాచారి నాలుగుదినములుగాఁ బడిన కోపమంతయు నీ నిశ్శబ్దము ముందు లెక్కలోనిది గాదు. వాఁడు బల్లకడకు వచ్చి కఱ్ఱను జేతఁ గొని మొలనున్న చిన్నయులిని దీసెను.

"ఇందు మూఁడుచేతుల తప్పున్నది ప్రభో! పూసిన చేయి, గిన్నె పట్టిన చేయి, కీలు మూయని చేయి. మైనము మెత్తి మూయవలసినవాఁడను నేను. ఆనాఁడు పనిముట్లను బసులసాలకుఁ బంపిరని కోపించి మైనమును గెడ్డపాలు చేసి పోతిని. జ్ఞప్తి యుండియుఁ బోతిని. తప్పు నాది. శిక్ష నేను వేసికొనుచున్నాను. గిన్నె పట్టినవాఁడు భయపడి యూరకుండెను; వాని నేమియు ననకుఁడు. మిగిలినచేయి సంగతి యాచేయియే చూచుకొనును."

అని యెవ్వరును వలదనునంతలోనే యులికొనను శంఖముక్రింద నానించి యొక్కపెట్టునఁ బెకలించెను. 'టక్కు'మని దంతపుముక్క యెగిరి బనాతుమీఁదఁ బడి గంధపుబెల్లుల నడుమ నిలిచినది. వాఁడు కఱ్ఱను రెండుచేతులతోఁ బ్రభువున కందించి నమస్కరించి వెనుక కడుగులు వేయుచు వాకిటిదాఁక పోయి యటనుండి తిరిగి చూడక నడచెను.

పందెపుదినము వచ్చినది. ప్రభువు గెలిచెను. పొరుగు సంస్థానాధిపతి కఱ్ఱను బుచ్చుకొని మెచ్చుకొనుచుఁ దడవి చూచి "పని యింత నున్నఁగా నున్నదే, పిడికిటికడ నీ గుంట యేమి?" అని యడిగెను. తిరుపతిరాజు బదులు చెప్ప నోరు తెఱచెను. ప్రభువు వానిని జేతితో వారించెను.

"అచట మా పనివాని శంఖ ముండెడిది. తప్పు నేను జేసి నోరు విప్పకపోఁగా వాఁడు దానిని బెకలించి పోయెను" అని ప్రభువు రెండు సంస్థానములవారును వినునట్లు స్పష్టముగాఁ బలికెను.

అప్పలస్వామి యా సాయంకాలమే తరిమెనశాలకుఁ బరువెత్తి యీ మాటను జెప్పి కుంకుమభరిణలోఁ బెట్టి పంపిన దంతపుశంఖమును జేతి కిచ్చి మఱలఁ బొదుగుమని ప్రభువు వేఁడుకొనుచున్నాఁడని తెలిపెను. నూకాచారి తరిమెన నాఁపి భరిణను దెఱచి చూచి మూసెను. "ఇన్నాళ్లకా?" అని కసరెను. చాలసేపటికి "ఏమైననేమి, అనెను గదా" అని గొణఁగి పని కందుకొనెను. శంఖమును మాత్రము గూటఁ బెట్టెను.

మఱుసటి మహర్నవమికిఁ బనివారి యులులును రంపములును నడిమండపమునకుఁ దిరిగివచ్చెను. నూకాచారియుఁ దేనెమైనపు ముద్దతో వచ్చెను. ఈమాఱు మార్కరుల నందఱను జుట్టును గూరుచుండఁబెట్టుకొని మైనము మెత్తుటెట్లో తిట్టుచుఁ దిట్టుచు నేర్పెను. ప్రభువు గంధముగిన్నెను జేతఁబట్టుకొని మైన మారువఱకును బ్రక్కనే నిలువఁబడి చూచుచుండెను. గుంట మాత్రము పూడలేదు. దానిని బొదుగుమని ప్రభు వింకెన్నఁడును నడుగలేదు. పొదిగెదనని నూకాచారియు ననలేదు. ఏండ్లు గడిచినకొలఁది యా గుంట చేతిచెమటకు నల్లఁబడి నునుపెక్కెను. ప్రభువు ప్రతి దెబ్బకు ముందును బొటనవ్రేలిని దానిలో నొక్కమాఱానించి చూచుకొనిగాని బంతిని గొట్టెడివాఁడు గాఁడు.